జాజ్ ట్రయోకి ఇసుక, కాగితం ముక్కలతో స్టాప్ మోషన్: జనవరి నుంచి జూలై దాకా ఏం జరిగిందంటే

రెండున్నర నిమిషాల పైచిలుకు జాజ్ ముక్క. తెర మీద మనుషుల్లేరు, బొమ్మల్లేవు, కథ లేదు. అద్దం మీద ఇసుక, కత్తిరించిన కాగితాలు, క్లే బిళ్ళలు మాత్రమే సంగీతాన్ని పట్టుకుని కదలాలి. వాటిని కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, వరసగా నడిపితే కదిలినట్టు కనబడతాయి, అదే స్టాప్ మోషన్. హైదరాబాద్‌లో, ఇంట్లో ఒక గదిలో, 2025 జనవరిలో మొదలైన పని జూలై ఆఖరుకి తెమిలింది. ఇలాంటిది చేద్దామనుకునేవాళ్ళకి ఏ నెలలో ఏం ఎదురవుతుందో, డబ్బు ఎక్కడ కరుగుతుందో తెలియడానికి వరసగా రాస్తున్నాను.

జనవరి: పాట దొరకడమే పెద్ద పని

పాత రికార్డు ఒకటి తీసుకుని దాని మీద చేసేద్దాం అనుకుంటాం. దానికి రెండు అనుమతులు కావాలి. బాణీకి ఒకటి, ఆ రికార్డింగుకి ఇంకొకటి. మన దేశంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 2025 జనవరి నాటికి 1964 దాకా వచ్చినవాటికి ఇక్కడ గడువు తీరింది. యాభైల నాటి జాజ్ అంతా చేతికొచ్చేసిందని సంబరపడేలోపే రెండు అడ్డంకులు. బాణీ కట్టినవాళ్ళ హక్కు వాళ్ళు పోయాక మరో 60 ఏళ్ళు నడుస్తుంది. పైగా యూట్యూబ్‌లో పెడితే అది అమెరికాలోనూ కనిపిస్తుంది. అక్కడ 2025 మొదలయ్యేసరికి 1924 దాకా విడుదలైన రికార్డింగులే స్వేచ్ఛగా ఉన్నాయి.

1924 అంటే ఇంకా మైకులు రాని కాలం. పెద్ద కొమ్ములోకి వాయించి నేరుగా మైనం మీద గీసేవారు. మైకుతో రికార్డు చేయడం 1925లో మొదలైంది. కొమ్ము రోజుల రికార్డుల్లో డ్రమ్స్, బేస్ సరిగా పడవు. వినడానికి ముచ్చటగానే ఉంటాయి కానీ, ఏ దెబ్బ ఏ ఫ్రేములో (తెర మీద వరసగా వచ్చే ఒక్కో నిశ్చల చిత్రంలో) పడిందో వెతకాలంటే ఆ గీరుడు శబ్దంలో ఏమీ తెలియదు.

ఒక రికార్డు కంపెనీకి ఈమెయిల్ పంపితే యంత్రం జవాబు అదే రోజు వచ్చింది. మనిషి జవాబు నెల దాటినా రాలేదు. ఇలా కూర్చుంటే ఏడాది గడిచిపోతుందని, ఊళ్ళోనే వాయించే ముగ్గురితో సొంతంగా 12 బార్ల బ్లూస్ (బార్ అంటే నాలుగు బీట్లు, 12 బార్లకి ఒక చక్రం) రికార్డు చేయించడం నయమనిపించింది. కీబోర్డు మీద పియానో, బేస్ గిటార్, డ్రమ్స్.

ఇక్కడ ఒక చట్టం సంగతి చాలామందికి తెలియదు. వాద్యకారులు హక్కులు రాసిచ్చే కాగితంలో కాలపరిమితి రాయకపోతే మన కాపీరైట్ చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే లెక్కేస్తుంది. ఏయే దేశాలకో రాయకపోతే భారతదేశానికి మాత్రమే అనుకుంటుంది. ఒక పేజీ ఒప్పందమే అయినా, “హక్కులు ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, ఈ చిత్రానికి” అని స్పష్టంగా రాయించి సంతకాలు తీసుకోవాలి. వాయించేవాళ్ళు స్నేహితులైతే ఈ కాగితం అడగడం మొహమాటంగా ఉంటుంది. అయినా అడగాలి.

ఫిబ్రవరి: రికార్డింగు

స్టూడియో గంటకు 1,200 రూపాయలు, మూడు గంటలు పట్టింది. వాయించిన ముగ్గురికీ తలా 5,000. మిక్సింగు 4,000. మొత్తం ఖర్చులో సగం పైన ఇక్కడే పోయింది. మిగతా సరంజామా అంతా కలిపినా ఇంత కాలేదు.

యానిమేషన్‌కి పనికొచ్చే రికార్డింగు అంటే ప్రతి వాద్యం విడి ట్రాకుగా చేతికి రావాలి. కీబోర్డు, బేస్ గిటార్ నేరుగా వైరుతో మిక్సర్‌లోకి వెళ్ళాయి కాబట్టి వాటిలోకి డ్రమ్స్ శబ్దం చొరబడలేదు. ఈ ఒక్క కారణంతో తర్వాతి నెల పని సగం తేలికైంది. అసలు పియానో, నిలువు బేస్ అయితే వినడానికి ఇంకా బాగుండేవి, కానీ మైకుల్లో ఒకదాని శబ్దం ఇంకొకదానిలో కలిసిపోయి కొలవడం నరకం అయ్యేది.

ఫైళ్ళు వేవ్ రూపంలోనే అడిగి తీసుకోవాలి. ఎంపీ3 చేసేటప్పుడు ముందు కాస్త నిశ్శబ్దం అతుక్కుంటుంది. చెవికి తెలియదు, కొలతలో ఒక ఫ్రేము తేడా వస్తుంది.

క్లిక్ (వాయించేవాళ్ళ చెవిలో టక్‌టక్‌మంటూ వేగం చూపే శబ్దం) పెట్టాలా వద్దా అన్నదాని మీద స్టూడియోలో చిన్న చర్చ. క్లిక్ పెడితే నిమిషానికి సరిగ్గా 120 బీట్లు, బీటుకి 12 ఫ్రేములు, లెక్క చక్కగా కుదురుతుంది. కానీ డ్రమ్మర్ క్లిక్ పట్టుకోగానే వాయింపులో ఊపు పోయింది, అందరికీ వినబడింది. క్లిక్ తీసేశాక వేగం 117కీ 124కీ మధ్య తిరిగింది. పియానో సోలోలో ఎక్కింది, బేస్ సోలోలో దిగింది. ఆ తిరగడమే సంగీతం కాబట్టి దాన్నే ఉంచేశాం. ఆ నిర్ణయానికి మూల్యం మార్చిలో తెలిసింది.

మార్చి మొదటి సగం: చెవిని ఫ్రేములుగా మార్చడం

సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. ఈ జల్లెడ కన్నాల్లోంచే జాజ్ అంతా పోవాలి.

కొలతకు సోనిక్ విజువలైజర్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను, ఉచితం. పాట నడుస్తుండగా సెమీకోలన్ మీట నొక్కితే ఆ చోట గీత పడుతుంది. అలా బీట్లన్నీ కొట్టుకుంటూ వెళ్ళి, తర్వాత పెద్దది చేసి చూసి, ఒక్కో గీతనూ శబ్దం అల పైకి లేచే చోటికి జరపాలి. మన వేలు ఎంత నమ్మకంగా కొట్టినా అటూ ఇటూ ఒక ఫ్రేము తప్పుతుంది. తర్వాత ఆ సమయాలన్నీ స్ప్రెడ్‌షీట్‌లోకి దించి, సెకన్లను 24తో గుణించి, దగ్గరి పూర్ణాంకానికి తెస్తే ఫ్రేము సంఖ్య వస్తుంది.

గుణించాల్సింది పాట మొదటి నుంచి గడిచిన సమయాన్ని. ఒక బీటుకీ ఇంకో బీటుకీ మధ్య దూరాన్ని కాదు. ఉదాహరణకి 123 వేగంలో బీటుకి 11.7 ఫ్రేములు. దాన్ని 12 చేసి కూడుకుంటూ పోతే, 48 బీట్ల కోరస్ (12 బార్ల ఒక చక్రం) అయ్యేసరికి 14 ఫ్రేములు జరిగిపోతుంది. అంటే ఒక బీటు కంటే ఎక్కువ. మొదటి నాలుగు బార్లు అద్భుతంగా ఉండి చివరికొచ్చేసరికి అంతా గాడి తప్పిందని బాధపడేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే.

ఇక స్వింగ్, అంటే జాజ్‌కి ఊపునిచ్చే లయ. కర్ణాటక సంగీతం వినే చెవికి ఇది తేలిగ్గా చెప్పొచ్చు. ప్రతి బీటునీ తిశ్రంగా మూడు ముక్కలు చేసి, మధ్య ముక్క పలక్కుండా మొదటిదీ మూడోదీ మాత్రమే వాయిస్తే స్వింగ్‌కి దగ్గరగా వస్తాం. బీటుకి 12 ఫ్రేములైతే మొదటిదానికి 8, రెండోదానికి 4. రైడ్ సింబల్ (డ్రమ్స్‌లో ఉండే పెద్ద కంచు పళ్ళెం) మీద మామూలుగా పడే వరసకి ఫ్రేము సంఖ్యలు 1, 13, 21, 25, 37, 45. అన్నీ బేసి సంఖ్యలే కాబట్టి ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు ఉంచి తీసినా కుదిరిపోతుంది, ఫొటోలు సగమే. కాగితం మీద ఇంత అందంగా ఉంటుంది. వాస్తవంలో ఏ డ్రమ్మరూ సరిగ్గా రెండుకొకటిగా వాయించడు. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు ముక్కలూ సమానానికి దగ్గరవుతాయి, నెమ్మదైతే దూరమవుతాయి. మా రికార్డింగులో ఆ రెండో దెబ్బ 7కీ 8కీ మధ్య ఎక్కడో పడింది. అలాంటి చోట్ల రెండేసి ఫ్రేముల పద్ధతి పనికిరాదు, ఒక్కొక్క ఫ్రేమూ తీయాల్సిందే. మిగతా చోట్ల రెండేసి చాలు. ఇలా కలిపితే దాదాపు 3,750 ఫ్రేములకి 2,300 ఫొటోలు సరిపోయాయి.

అసలు చిక్కు ఇంకొకటి. కీబోర్డు వాయించిన వ్యక్తి సోలోలో బీటుకి కొంచెం వెనకగా, సాగదీస్తూ వాయించాడు. కొలిస్తే ఆ వెనకబాటు 20, 30 మిల్లీసెకన్లు. ఫ్రేము కంటే చిన్నది. తెర మీద ఆకారం ఫలానా ఫ్రేములో ఉంది, లేదు అని మాత్రమే చెప్పగలం కాబట్టి ఆ ఆలస్యాన్ని చోటుతో చూపించలేం. వేగంతో చూపించొచ్చు. బేస్ స్వరానికి క్లే బిళ్ళ ఆ ఫ్రేములోనే పూర్తిగా గమ్యానికి చేరిపోతుంది. పియానో స్వరానికి కాగితం ముక్క అదే ఫ్రేములో దారిలో సగం పైచిలుకే వెళ్ళి, తర్వాతి ఫ్రేముల్లో నింపాదిగా సర్దుకుంటుంది. రెండూ పక్కపక్కన నడిస్తే, ఒకటి ముందుకు లాగుతున్నట్టు, ఇంకొకటి జేబుల్లో చేతులు పెట్టుకుని వస్తున్నట్టు కనబడుతుంది. ఇది పట్టుబడే వరకు అన్నీ సరిగ్గా బీటు మీద పడుతూ కవాతులాగే ఉంది. దీని కోసం వారం పోయినా నష్టం లేదు.

ఆకారం ముందు పడాలా, శబ్దం ముందా అన్నదానికి ఒక కొలత పనికొచ్చింది. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫార్సు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగట్టేస్తాడు, వెనకబడితే 125 దాకా పసిగట్టలేడు. కాబట్టి అనుమానం వచ్చిన ప్రతిచోటా ఆకారాన్ని ఒక ఫ్రేము ముందుకే వేశాను.

ఏది వదిలేయాలి

అన్ని స్వరాలకీ ఒక్కో కదలిక ఇస్తే తెర మీద చీమలపుట్ట కదిలినట్టుంటుంది, ఏదీ వినబడదు. అవును, వినబడదనే అంటున్నాను. కన్ను అలసిపోతే చెవి మూసుకుంటుంది. అందుకని ఒక సమయంలో ఒక్క వాద్యానికే కచ్చితమైన జోడింపు, మిగతావి నేపథ్యంలో నెమ్మదిగా.

1949లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్, ఎవెలిన్ లాంబార్ట్ కలిసి ఆస్కార్ పీటర్సన్ ట్రయో సంగీతానికి ఫిల్మ్ మీదే రంగులు పూసి, గీకి చేసిన ‘బిగాన్ డల్ కేర్’ చిత్రంలో మధ్య భాగం చూడండి. వేగంగా సాగే మొదటి భాగమంతా రంగుల వరద. నెమ్మది భాగం వచ్చేసరికి నల్లటి తెర మీద సన్నటి తెల్ల గీతలు తప్ప ఏమీ లేదు. ఎప్పుడు తగ్గాలో తెలిసినవాళ్ళ పని అది.

మేం పెట్టుకున్న పథకం ఇలా ఉంది. నాలుగు బార్ల మొదలు. మొదటి కోరస్ అసలు బాణీ, డ్రమ్స్ బ్రష్‌లతో (కర్రల బదులు వాడే తీగల కుంచెలు). స్నేర్ డ్రమ్ మీద బ్రష్ తిప్పే శబ్దానికి దెబ్బంటూ ఉండదు, గీతలా సాగుతుంది. దానికి ఇసుక. నిజంగానే మెత్తటి పెయింట్ బ్రష్‌తో గుండ్రంగా తోస్తూ తీశాం, చేతి కదలికే డ్రమ్మర్ చేతి కదలిక అయింది. రెండు, మూడు కోరస్‌లు పియానో సోలో, కాగితం. నాలుగోది బేస్, క్లే. ఐదోది పియానో, డ్రమ్స్ నాలుగేసి బార్లు వంతులవారీగా వాయించడం. ఆరోది మళ్ళీ బాణీ, అన్నీ కలిపి. చివర చిన్న తోక.

12 బార్ల చక్రం తిరుగుతోందని చూసేవాళ్ళకి తెలియాలంటే నేపథ్యం రంగు కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) మార్పులని పట్టుకోవాలి. బి ఫ్లాట్‌లో ఉన్నంతసేపూ నీలం, 5వ బార్‌లో ఈ ఫ్లాట్ రాగానే ఊదా, 7లో మళ్ళీ నీలం, 9లో ఎఫ్ వచ్చినప్పుడు నారింజ, 10లో ఊదా, 11లో నీలం. రెండో చక్రానికే చూసేవాళ్ళు నారింజ కోసం ఎదురుచూడడం మొదలుపెడతారు. సంగీతం తెలియని మా బంధువులకి చూపిస్తే కూడా ఇది పనిచేసింది.

మార్చి రెండో సగం: బల్ల

కింద ఎల్‌ఈడీ పెట్టె. దాని మీద 3 మి.మీ. పాల రంగు యాక్రిలిక్ షీటు, 900 రూపాయలు. ఆ షీటు కింద నేపథ్యానికి రంగునిచ్చే జిలెటిన్ కాగితాలు మార్చేందుకు సొరుగులాంటి ఖాళీ. దానికి పాతిక సెంటీమీటర్ల ఎత్తున 8 మి.మీ. అద్దం, అంచులు పాలిష్ చేయించి 1,400. పల్చటి అద్దం చవకే కానీ మధ్యలో కుంగుతుంది, మోచెయ్యి ఆనిస్తే కెమెరాకి తెలిసిపోతుంది. స్టాండు మొత్తం స్లాటెడ్ యాంగిల్‌తో, దుకాణాల్లో ర్యాకులు కట్టే అదే ఇనుము, 2,600. కాళ్ళ మీద ఇసుక సంచులు. కెమెరా అద్దానికి దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తులో, కిందికి చూస్తూ.

కెమెరా పాత కానన్ డీఎస్ఎల్ఆర్ ఇంట్లో ఉన్నదే. లెన్స్ మాత్రం మార్చాలి. ఇప్పటి లెన్సులు ప్రతి ఫొటోకీ ఎపర్చర్‌ని (వెలుతురు లోపలికి వచ్చే కన్నాన్ని) మూసి తెరుస్తాయి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో. ఒక్క ఫొటోలో తెలియదు, వరసగా నడిపితే తెర మినుకుమినుకుమంటుంది. ఎపర్చర్ రింగు చేత్తో తిప్పే పాత నికాన్ 50 మి.మీ. లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో 4,500, కానన్‌కి తగిలించే అడాప్టర్ 700. ఎఫ్8 దగ్గర పెట్టి టేపు అంటించేస్తే ఇక కదలదు. బ్యాటరీ బదులు కరెంటుతో నడిచే డమ్మీ బ్యాటరీ 1,600. ఇది లేకపోతే బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కెమెరా ఒక పిక్సెల్ అయినా జరుగుతుంది. డమ్మీ బ్యాటరీ ఆన్‌లైన్‌లో వచ్చేసరికి పది రోజులు, ఆ పది రోజులూ కాగితాలు కత్తిరించుకోవడానికి సరిపోయాయి.

వెలుతురు దగ్గరే ఎక్కువ సమయం పోయింది. ఇంట్లో వాడే చవక ఎల్‌ఈడీ బల్బులు వోల్టేజీతో పాటు ఊగుతాయి. పక్కింట్లో బోరు మోటారు వేసినప్పుడల్లా ఫ్రేము మసకబారింది. కోఠీ గుజరాతీ గల్లీలో 12 వోల్టుల పవర్ సప్లై, ఎల్‌ఈడీ స్ట్రిప్పులు కొని కట్టుకుంటే (మొత్తం 1,800) ఆ బాధ పోయింది. వెలిగించాక మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు స్ట్రిప్పు వేడెక్కుతూ కాంతి కాస్త తగ్గుతుంది. అరగంట ముందే వేసి ఉంచాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు కొట్టుకుంటుంది. షట్టర్ సెకనులో అయిదో వంతు పెడితే అందులో కొట్టుకోవడాలు చాలా కలిసిపోయి తేడా కనబడదు.

కెమెరా ముందున్న తెల్ల అక్షరాలు అద్దంలో ప్రతిబింబిస్తాయి. నల్ల టేపు అంటించాలి. నల్ల చొక్కా వేసుకోవాలి. స్టాండు చుట్టూ నల్ల గుడ్డ.

ఏప్రిల్, మే: తీయడం

ఎండాకాలంలో మొదలుపెట్టడం తెలివైన పని కాదని ఎవరికైనా తెలుస్తుంది. సీలింగు ఫ్యాన్ తిరిగితే కాగితాలు లేస్తాయి. ఏసీ గాలి రెక్కలు పైకి తిప్పినా ఇసుక అంచులు కరిగిపోతాయి. కాబట్టి అన్నీ ఆపేసి, కిటికీలకి నల్ల చార్టులు అంటించి, రాత్రి తొమ్మిది దాటాక పని. గంటకి ఇరవై, పాతిక ఫొటోలు. తుమ్ము వస్తే ఆ బార్ మొదటికి. మాస్కు పెట్టుకుంటే ఊపిరికి ఇసుక కదలదు, చెమట మాత్రం అద్దం మీద పడుతుంది. నుదుటికి గుడ్డ కట్టుకోవాలి.

ఒక్కో శబ్దానికి కదలిక లెక్క ఇలా కుదిరింది. పియానో స్వరానికి కాగితం ఒక్క ఫ్రేములో 40 మి.మీ. ఎగిరి, తర్వాత ప్రతి ఫ్రేములో మిగిలిన కదలిక సగమవుతూ పోతుంది: 20, 10, 5, 2, ఆగడం. పియానో శబ్దం కూడా అలాగే కొట్టిన వెంటనే తగ్గుతూ పోతుంది కాబట్టి కన్ను నమ్ముతుంది. దెబ్బకి ముందు ఏ సన్నాహమూ చూపించకూడదు. పాత్రల యానిమేషన్ నేర్చుకున్నవాళ్ళకి చెయ్యి ఊరుకోదు, దూకేముందు వెనక్కి వంగడం వేసేస్తారు. ఇక్కడ అది స్వరాన్ని చంపేస్తుంది.

బేస్‌కి ఆరు సైజుల క్లే బిళ్ళలు ముందే చేసి, దెబ్బ పడ్డ ఫ్రేములో పెద్దది పెట్టి, వరసగా చిన్నవి మార్చుతూ రావడం. హైదరాబాద్ మే నెలలో, ఫ్యాన్ ఆపిన గదిలో నూనె క్లే మైనంలా అయిపోతుంది. వేలిముద్రలు ప్రతి ఫ్రేములో మారుతూ బిళ్ళ మీద పురుగులు పాకినట్టుంటుంది. ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టి తీస్తే గట్టిపడుతుంది కానీ పైన నీటి చెమ్మ పడుతుంది. టిష్యూతో అద్ది, రెండు నిమిషాలు ఆగి పెట్టాలి.

సింబల్ చిమ్మినట్టు కనబడడానికి నువ్వులు బాగుంటాయనిపించింది. చూడడానికి నిజంగానే బాగున్నాయి. తెల్లారేసరికి చీమలు కోరస్‌లో సగం మోసుకుపోయాయి. అప్పట్నుంచి అక్వేరియం ఇసుక.

రంగు జిలెటిన్ కాగితాలతో ఒక చిక్కు. ముదురు నీలం వెలుతురుని చాలా మింగేస్తుంది, నారింజ అంతగా మింగదు. అదే షట్టర్‌తో తీస్తే 9వ బార్ రాగానే తెర తెల్లగా పేలిపోతుంది. నారింజకి రెండు పొరలు, ఊదాకి ఒకటిన్నర (అంటే ఒక ముదురు, ఒక లేత), నీలానికి ఒకటి పెట్టి సర్దాం. ఏప్రిల్ మొదటి వారం దీనికే.

మొదటి నాలుగు బార్లు కంప్యూటర్‌లో సంగీతంతో కలిసి నడిచిన రాత్రి మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నాం. ఎనిమిది సెకన్లే. ఆ సంతోషం తర్వాత చాలా రోజులు రాదు. మే నడుమకి వచ్చేసరికి ఆ పాట వినబడడం మానేస్తుంది, ఫ్రేము సంఖ్యలే వినిపిస్తాయి. చేతులు యాంత్రికమై కదలికలన్నీ ఒకే పొడవుకి వచ్చేస్తాయి. కూర్చునే ముందు ప్రతిసారీ కళ్ళు మూసుకుని ఆ కోరస్ ఒకసారి పూర్తిగా విని, అప్పుడు మొదలుపెడితే తేడా ఉంది. మెడ, నడుము నొప్పి మాత్రం ఖాయం. బల్ల ఎత్తు మోచేతికి నాలుగు అంగుళాలు కిందుంటే కాస్త నయం.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్ళినప్పుడు తీయకపోవడమే మంచిది. దీపం కాంతి స్థిరంగా ఉన్నా, వచ్చీపోయే ఆ క్షణంలో కెమెరా ఆగి కంప్యూటర్‌తో లంకె తెగుతుంది.

సంగీతంలో ఖాళీ వచ్చిన చోట ఆకారం నిలబడాలి. ఒకే ఫొటోని అర సెకను చూపిస్తే తెర గడ్డకట్టినట్టవుతుంది. ఏమీ కదపకుండా మూడు ఫొటోలు తీసి వాటినే మార్చి మార్చి నడిపితే నిలకడలోనూ ప్రాణం ఉంటుంది. ఇసుకకి ఇది తప్పనిసరి.

జూన్: వాన

మొదటి వాన పడ్డ మర్నాటికే కాగితాలు అంచుల దగ్గర పైకి లేచాయి. దళసరి 200 జీఎస్ఎమ్ కాగితమైనా అంతే. అంచు లేస్తే నీడ పడుతుంది, ఏప్రిల్‌లో తీసినవాటితో కలవదు. వాడేముందు ఇస్త్రీ పెట్టె తక్కువ వేడిలో రుద్ది, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో ఉంచి, కావలసినవే బయటికి తీయాలి. ఇసుక ముద్దలు కడితే మూకుట్లో పది నిమిషాలు వేయించి చల్లార్చాలి. వేడిగా పోస్తే అద్దం మీద ఆవిరి. ఐదో, ఆరో కోరస్‌లు ఈ తంతు మధ్యే పూర్తయ్యాయి. వాతావరణం కుదురుగా ఉండే నవంబర్, ఫిబ్రవరి మధ్య తీయడం ఎంతో మేలు.

జూలై: కూర్పు

ఫొటోలన్నీ రా ఫైళ్ళు (కెమెరా మార్చకుండా ఇచ్చేవి), మొత్తం 60 జీబీ దాకా అయ్యాయి. రెండు హార్డ్‌డిస్కుల్లో రోజూ కాపీ. మిగిలిపోయిన చిన్న మినుకుని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా ఉండే డీఫ్లికర్ ఫిల్టర్ చాలావరకు తీసేసింది. రంగులు మారే బార్ల దగ్గర మాత్రం దాన్ని విడివిడి ముక్కల మీదే నడపాలి, లేకపోతే నీలాన్నీ నారింజనీ సగటు చేసేస్తుంది.

ఎడిటింగు ప్రాజెక్టు తెరవగానే సెకనుకు 24 అని పెట్టుకోవాలి, 23.976 కాదు. తేడా వెయ్యిలో ఒక వంతే. కానీ 3,750 ఫ్రేములకి చివరికొచ్చేసరికి నాలుగు ఫ్రేముల వెనకబాటు అవుతుంది, ఆఖరి సింబల్ దెబ్బ తర్వాత ఇసుక లేస్తుంది. డావిన్చీ రిజాల్వ్ లాంటి ఎడిటింగు సాఫ్ట్‌వేర్లలో టైమ్‌లైన్‌లోకి ఫైళ్ళు వచ్చాక ఈ సంఖ్య మార్చడం కుదరదు.

యూట్యూబ్‌లో మామూలు హెచ్‌డీలో పెడితే ఇసుక రేణువులన్నీ గంజిలా కలిసిపోయాయి. అదే ఫైలుని 4కే సైజుకి పెంచి పెడితే ఎక్కువ డేటా కేటాయిస్తుంది, రేణువులు నిలిచాయి. ఎక్కించాక పెద్ద సైజు కూర్పు సిద్ధం కావడానికి కొన్ని గంటలు పడుతుంది, అప్పటిదాకా లింకు ఎవరికీ పంపకపోవడం మంచిది.

సాఫ్ట్‌వేర్ పోగా మొత్తం ఖర్చు 37 వేలు దాటింది. అందులో 22,600 సంగీతానికే. కాగితాలు, క్లే, జిలెటిన్, ఇసుక కలిపి 1,100.

నలుగురికీ ప్రొజెక్టర్ మీద చూపిస్తే బ్లూటూత్ స్పీకర్ వాడొద్దు. అది శబ్దాన్ని సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యం చేస్తుంది. మార్చిలో ఒక్కో ఫ్రేము కోసం పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క స్పీకర్ మింగేస్తుంది. ఆక్స్ వైరు వెంట తీసుకెళ్ళండి, అయిదు మీటర్లది. రెండు మీటర్లది ఎప్పుడూ చాలదు.